చామనఛాయ ముఖానికి సెల్ షేడింగ్ చేస్తే బురదరంగు వస్తోంది, పొరపాటు ఎక్కడ?

నందివర్ధనం (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నేను ఏడాదిన్నరగా అనిమే, అంటే జపాన్ యానిమేషన్ పద్ధతిలో బొమ్మలు వేయడం సాధన చేస్తున్నాను. మొదట ఫోనులో ఐబిస్ పెయింట్‌తో మొదలుపెట్టి, ఆరు నెలల క్రితం లాప్‌టాప్‌కు ఒక చిన్న పెన్ టాబ్లెట్ తగిలించుకుని క్రితా అనే బొమ్మలు వేసే సాఫ్ట్‌వేర్‌కు మారాను. గీతలు ఇప్పుడు నేను అనుకున్నట్టే వస్తున్నాయి. గీతల మధ్య ఒకే ఛాయగా రంగులు నింపడం వరకూ కూడా ఇబ్బంది లేదు. సెల్ షేడింగ్, అంటే గట్టి అంచులతో ఒకే ఛాయ నీడలు వేయడం మొదలుపెట్టగానే అప్పటిదాకా శుభ్రంగా ఉన్న బొమ్మ పాడవుతోంది.

ఇప్పుడు వేస్తున్న బొమ్మలో లంగావోణి కట్టుకున్న చామనఛాయ అమ్మాయి సాయంత్రం వేళ పెరటి గుమ్మంలో నిలబడి ఉంటుంది. ఆకుపచ్చ లంగాకు జరీ అంచు, మెరూన్ రంగు పలుచని వోణి, నూనె రాసి అల్లిన జడ, జడలో మల్లెదండ ఉన్నాయి. వెలుగు ఎడమవైపు నుంచి, కాస్త పైనుంచి వస్తున్నట్టు అనుకున్నాను. చాలా వీడియోలలో చెప్పినట్టే పైన కొత్త లేయర్ (పొర) పెట్టి, కింది రంగును ముదురు చేసే మల్టిప్లై మోడ్‌లో లేత ఊదారంగుతో నీడలు వేశాను. వాళ్ల బొమ్మలలో గులాబీరంగు చర్మం మీద అది అందంగానే కనిపిస్తుంది, నా బొమ్మలో మాత్రం ముఖానికి బురద పూసినట్టు వచ్చింది. నీడ అంచును గట్టిగా ఉంచితే కాగితం ముక్క కత్తిరించి అంటించినట్టు ఉంటోంది, ఎయిర్ బ్రష్‌తో మెత్తబరిస్తే అనిమే పోలికే పోతోంది. ఈ పని వృత్తిగా చేసినవారు నీడ ఆకారాన్నీ, రంగునూ ఏ ఆలోచనతో నిర్ణయిస్తారో, దానిని ఏ వరుసలో సాధన చేయాలో దయచేసి వివరించగలరా?

తెల్లకాగితం (జవాబు)

నందివర్ధనం గారూ, నేను హైదరాబాదులో ఒక టూడీ యానిమేషన్ స్టూడియోలో రంగుల విభాగంలో ఆరేళ్లు పనిచేశాను. మీరు రెండు ప్రశ్నలు అడిగారు కానీ ముందు తేల్చుకోవలసినది ఆకారం, ఎందుకంటే ఆకారం సరిగా ఉన్న నీడ రంగు కాస్త తప్పినా నిలబడుతుంది, ఆకారం తప్పిన నీడను ఏ రంగూ కాపాడలేదు.

ఈ పద్ధతి ఎలా పుట్టిందో తెలిస్తే దాని నియమాలు వాటంతట అవే అర్థమవుతాయి. సెల్ అంటే సెల్యులాయిడ్ అనే పారదర్శకమైన షీటు. బొమ్మను ఇలాంటి షీట్ల మీద వేసి, కదలని నేపథ్యం పైన పరిచి ఫొటో తీసే విధానానికి 1914లో అమెరికాలో ఎర్ల్ హర్డ్ పేటెంటు దాఖలు చేశాడు. గీత షీటుకు ముందువైపు ఉంటుంది, రంగు వెనుకవైపు నుంచి నింపుతారు. ఆ రంగు ఒకే మందంతో, చారలు లేకుండా, గీత వరకూ వచ్చి ఆగిపోవాలి. ఒక రంగులోంచి మరో రంగులోకి మెల్లగా కలిపే అవకాశం అక్కడ దాదాపు లేదు, ఎందుకంటే సెకనుకు 24 ఫ్రేములు నడిచే చిత్రంలో అలా కలిపిన అంచు ప్రతి షీటులోనూ ఒకేలా రాదు, తెరమీద మినుకుమినుకుమంటుంది. కాబట్టి నీడ అంటే ఇంకొక సీసాలోని రంగు, ఇంకొకసారి నింపవలసిన గది. అంత శ్రమ ఉన్నప్పుడు అక్కరలేని నీడ ఎవరూ వేయరు, వేసిన ప్రతి నీడా ఒక విషయం చెప్పేలా చూసుకుంటారు.

జపాన్ స్టూడియోలలో నీడ ఎక్కడ మొదలై ఎక్కడ ముగియాలో రంగులు నింపేవారు నిర్ణయించరు. బొమ్మ గీసే యానిమేటరే అసలు గీతలతో పాటు అదే కాగితం మీద రంగు పెన్సిలుతో నీడ సరిహద్దును కూడా గీసి ఇస్తాడు. 1990ల చివరి నుంచి అక్కడి స్టూడియోలు షీట్లను వదిలి కంప్యూటరులో రంగులు నింపడం మొదలుపెట్టాక కూడా ఈ అలవాటు మారలేదు. మీరు కూడా నీడను బ్రష్‌తో పూయడం ఆపి, గీతలు వేసేటప్పుడే నీలం గీతతో దాని సరిహద్దును మూసిన ఆకారంగా గీయండి. కాగితం ముక్క అంటించినట్టు ఉంటోందని మీరు రాశారు. అది గట్టి అంచు దోషం కాదని నా అనుమానం. ఆ అంచు శరీరపు వంపును అనుసరించక, బయటి గీతకు సమాంతరంగా ఒక పట్టీలాగా నడుస్తూ ఉండి ఉంటుంది. కొత్తవారందరూ ఇదే చేస్తారు, నేనూ రెండేళ్లు చేశాను. వెలుగు ఎటునుంచి వస్తోందో పట్టించుకోకుండా అన్ని అంచుల వెంబడీ ముదురు పట్టీ వేస్తే ముఖం దిండులా ఉబ్బి కనిపిస్తుంది.

నీడలు రెండు రకాలని మనసులో వేరుచేసుకోండి. వస్తువు తన వంపు వల్ల వెలుగుకు మొహం తిప్పుకున్న చోట ఏర్పడేది ఒకటి, ఒక వస్తువు మరొకదానికి అడ్డుపడటం వల్ల ఏర్పడేది రెండవది. బుగ్గకు కుడివైపున ఉండేది మొదటి రకం. గడ్డం కింద మెడమీద పడేది, ముంగురుల కింద నుదుటిమీద పడేది, జాకెట్టు చేతి అంచు కింద మోచేతి పైభాగంలో పడేది రెండవ రకం. అనిమే బొమ్మలలో రెండవ రకానిదే పెద్ద పాత్ర, ఎందుకంటే ఏది ముందుంది, ఏది వెనుక ఉంది అనే సంగతిని అది ఒక్క ముక్కలో చెప్పేస్తుంది. మీ బొమ్మకు మొట్టమొదట మెడమీది నీడ, ముంగురుల నీడ, ఈ రెండూ మాత్రమే వేసి చూడండి. సగం పని అక్కడే అయిపోతుంది.

సాధనకు నేను నేర్పిన కుర్రవాళ్లందరికీ చెప్పే అభ్యాసం ఇది. చీకటి గదిలో ఒక కోడిగుడ్డును తెల్ల గుడ్డ మీద పెట్టి, ఫోను టార్చిని ఎడమవైపు పైనుంచి వేసి ఇంకొక ఫోనుతో ఫొటో తీయండి. ఆ ఫొటోను క్రితాలో తెరిచి థ్రెషోల్డ్ ఫిల్టరుతో రెండే ఛాయలకు కుదించండి. వెలుగుకూ నీడకూ మధ్య సరిహద్దు ఎలా వంగిందో అప్పుడు స్పష్టంగా కనిపిస్తుంది. తరువాత గుడ్డు స్థానంలో మీ చేతి పిడికిలి, ఆ తరువాత ఇంట్లో ఎవరైనా ఓపికగా కూర్చుంటే వారి ముఖం. ఫొటోను కుదించక ముందే సరిహద్దు ఎక్కడ వస్తుందో ఊహించి గీసి, ఆ తరువాత పోల్చుకోవడం ముఖ్యం. ఊహ లేకుండా ఫిల్టరు ఇచ్చినదాన్ని నకలు చేస్తే చేయి అలవాటు పడుతుంది కానీ కన్ను నేర్చుకోదు.

మరొక్క మాట. వెలుగు భాగం, నీడ భాగం సరిసమానంగా ఉంటే బొమ్మ ఎటూ తేలదు. నీడ మూడోవంతుకు లోపైనా ఉండాలి, లేదా మూడింట రెండువంతులకు మించైనా ఉండాలి. ఇది నా అనుభవంలో తేలిన కొలతే తప్ప శాస్త్రం కాదు, కానీ ఇది పాటించిన బొమ్మ ఇంతవరకూ నన్ను నిరాశపరచలేదు.

బ్యానర్ గీత (జవాబు)

తెల్లకాగితం గారు ఆకారం గురించి చెప్పినదంతా నిజం. నేను రంగు గురించి రాస్తాను. మా నాన్నగారు విజయవాడలో సినిమా బ్యానర్లు వేసేవారు. ఫ్లెక్సీలు వచ్చి ఆ పని పోయేదాకా నేను ఆయన పక్కన డబ్బాలు అందించేదాన్ని. గళ్లు గీసి ముఖం పెద్దది చేసుకున్నాక, ఆయన కుంచె ముట్టుకోకముందే ఆ ముఖానికి కావలసిన నాలుగు ఛాయలను నాలుగు డబ్బాలలో కలిపి పెట్టుకునేవారు. నీడ డబ్బాలోకి నలుపు వెళ్లడం నేను ఎన్నడూ చూడలేదు. ఎరుపూ, ఒక్కోసారి ఆకుపచ్చా వెళ్లేవి. దగ్గరనుంచి చూస్తే గట్టి అంచులున్న రంగు ముక్కలు, రోడ్డు అవతలి నుంచి చూస్తే ప్రాణమున్న ముఖం. తరువాత ఎన్నో ఏళ్లకు, జపాన్ స్టూడియోలలో ఒక్కో పాత్రకు జుట్టు, చర్మం, బట్ట వారీగా మామూలు రంగు, నీడ రంగు, మెరుపు రంగు ముందుగానే నిర్ణయించి పట్టికగా ఇచ్చే ప్రత్యేకమైన ఉద్యోగం ఉంటుందని చదివినప్పుడు నాకు ఆ డబ్బాలే గుర్తొచ్చాయి. జిబ్లీ స్టూడియోలో దశాబ్దాలపాటు ఆ బాధ్యత చూసిన మిచియో యసుదా రంగులను ఆ దృష్టితో ఒకసారి గమనించండి.

ఇక మీ బురద సంగతి. మల్టిప్లై మోడ్ చేసేది కేవలం ఒక గుణకారం. కింది రంగులోని ఎరుపు, ఆకుపచ్చ, నీలం విలువలను పై రంగులోని విలువలతో విడివిడిగా గుణించి 255తో భాగిస్తుంది. మీ చామనఛాయ చర్మం 150, 95, 60 అనుకుందాం. దానిమీద 170 విలువ గల బూడిదరంగు వేస్తే 100, 63, 40 వస్తుంది. మూడూ ఒకే నిష్పత్తిలో తగ్గాయి కాబట్టి రంగు మారలేదు, దీపం తగ్గించినట్టు మసకబారింది, అంతే. మీరు వాడినటువంటి లేత ఊదా, అంటే 160, 150, 200 వేస్తే 94, 56, 47 వస్తుంది. ఎరుపూ ఆకుపచ్చా బాగా తగ్గి నీలం మాత్రం అంతగా తగ్గలేదు, అందువల్ల శాచురేషన్, అంటే రంగు నిండుదనం, 60 శాతం నుంచి 50 శాతానికి పడిపోయింది. గోధుమరంగు నిండుదనం దానిలో నీలం తక్కువగా ఉండటం వల్లే వస్తుంది. ఆ నీలాన్ని మనమే నిలబెట్టి, తక్కినవి తగ్గించాం కాబట్టి అది బురదగా మారింది. గులాబీరంగు చర్మంలో నీలం మొదటినుంచీ ఎక్కువే ఉంటుంది కనుక అక్కడ ఈ నష్టం అంతగా కంటికి ఆనదు. వీడియోలలో చెప్పినవారు తప్పు చెప్పలేదు, వారు తమ బొమ్మల్లోని చర్మానికి సరిపడే మాట చెప్పారు.

కాబట్టి నీడ రంగును లెక్కకు వదలకుండా మీరే ఎంచుకోండి. 150, 95, 60కి నేనైతే 108, 52, 38 నీడగా పెడతాను. ఇక్కడ హ్యూ, అంటే రంగుల చక్రంలో ఆ రంగు స్థానం, 23 డిగ్రీల నుంచి 12 డిగ్రీలకు, అంటే ఎరుపువైపు జరిగింది, శాచురేషన్ కొంచెం పెరిగింది, బ్రైట్‌నెస్ 59 శాతం నుంచి 42 శాతానికి తగ్గింది. సాయంత్రపు ఊదా ఛాయ తప్పక కావాలనుకుంటే నీలాన్ని ఒక్కటే 52 దాకా పెంచి చూడండి, అంతకు మించితే మళ్లీ మొదటికే వస్తారు. ముదురు చర్మానికి నీడ కంటే మెరుపు ఎక్కువ పని చేస్తుందని కూడా గమనించండి. ముక్కు కొన, చెక్కిలి ఎముక, భుజం, ఈ మూడు చోట్ల 190, 135, 95తో చిన్న చిన్న గట్టి ముక్కలు వేస్తే ముఖం వెంటనే వెలుగులోకి వస్తుంది. నల్లగీత ముదురు చర్మంలో కలిసిపోకుండా చర్మం లోపలి గీతలను, అంటే ముక్కు, పెదవి, వేళ్ల మధ్య గీతలను, 50, 20, 18 వంటి ఎర్రటి ముదురు గోధుమకు మార్చండి.

ఆకుపచ్చ లంగాకు 40, 120, 70 అయితే నీడ 20, 80, 62 చేసి కొంచెం నీలంవైపు జరపండి. జరీకి మాత్రం ఈ మృదువైన జరుపుడు చాలదు. లోహం కాబట్టి 215, 165, 50 పక్కనే 150, 85, 30, దాని పక్కనే 255, 240, 170 సన్నని పట్టీలుగా, మధ్యలో ఇంకే ఛాయా లేకుండా రావాలి. అప్పుడే అది పసుపు గుడ్డలా కాక జరీలా మెరుస్తుంది.

ఈ రంగులన్నీ బొమ్మ పక్కన చిన్న గళ్లుగా పెట్టుకుని, ఆ గళ్లను ఒకసారి బ్లాక్ అండ్ వైట్‌లో చూడండి. చర్మపు నీడా లంగా వెలుగూ ఒకే బూడిదరంగులో కలిసిపోతే ఒకదాన్ని కదిపి, ఆ తరువాతే బొమ్మలో నింపండి.

నందివర్ధనం

ఇద్దరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. గుడ్డుతో వరుసగా నాలుగు రోజులు అభ్యాసం చేశాను. మెడమీది నీడ ఒక్కటి వేయగానే తల ముందుకు వచ్చినట్టు కనిపించి ఆశ్చర్యపోయాను. 108, 52, 38 పెట్టాక బురద పోయింది. ఇప్పుడు మరో రెండు ఇబ్బందులు మిగిలాయి. బకెట్ గుర్తున్న ఫిల్ టూల్‌తో నింపినప్పుడు గీతకూ రంగుకూ మధ్య వెంట్రుకంత తెల్ల సందు ఉండిపోతోంది. నీడను చర్మం దాటి పోకుండా ఆపాలని ఇన్‌హెరిట్ ఆల్ఫా నొక్కితే నీడ బట్టలమీదికీ పాకుతోంది. ఇవి కాక నల్ల జడకూ, మల్లెలకూ నీడ ఎలా వేయాలో అసలు తోచడం లేదు.

గోరింటాకు (జవాబు)

క్రితాలో ఈ రెండు ఇబ్బందులూ దాదాపు అందరికీ ఎదురవుతాయి. ఫిల్ టూల్ ఆప్షన్లలో గ్రో అని ఉంటుంది, దానిని రెండు పిక్సెల్‌లకు పెంచితే రంగు గీత కిందికి కొంచెం దూరి సందు మూసుకుంటుంది. గీత అంచులలో ఉండే పాక్షిక పారదర్శకత వల్ల ఈ సందు వస్తుంది. జపాన్ స్టూడియోలలో ఈ బాధ రాకుండా గీతలను స్కాన్ చేసినప్పుడే మెట్లుమెట్లుగా, పాక్షిక పిక్సెల్ ఒక్కటీ లేకుండా మారుస్తారు, రంగు నింపడం పూర్తయ్యాక చివరి దశలో అంచులను నునుపు చేస్తారు. మనం ఒక్క బొమ్మకు అంత దూరం పోనక్కరలేదు. ఏ4 పరిమాణంలో 300 డీపీఐతో, అంటే 2480 బై 3508 పిక్సెల్‌లతో గీసి, చివరికి సగానికి తగ్గించి సేవ్ చేస్తే అంచులు వాటంతట అవే శుభ్రపడతాయి.

ఇన్‌హెరిట్ ఆల్ఫా విషయంలో, క్రితా ఆ లేయర్‌ను దాని కింద అదే గ్రూపులో ఉన్న అన్ని లేయర్ల ఆకారానికీ కలిపి కత్తిరిస్తుంది, కేవలం ఒక్క కింది లేయర్‌కే కాదు. ఐబిస్ పెయింట్‌లోని క్లిప్పింగ్ అలా ఉండదు కనుక అక్కడి నుంచి వచ్చినవారు తికమకపడతారు. చర్మం లేయర్‌ను, దాని నీడను ఒక గ్రూపులో పెట్టండి, లంగాకు ఇంకొక గ్రూపు, జడకు వేరొకటి. చర్మం లేయర్‌ను ఎంచుకుని కంట్రోల్, షిఫ్ట్, జి కలిపి నొక్కితే ఈ ఏర్పాటు ఒక్కసారిగా తయారవుతుంది. నీడ ఆకారం గీయడానికి ఫ్రీహ్యాండ్ పాత్ టూల్‌లో ఫిల్‌ను ఫోర్‌గ్రౌండ్ కలర్‌గా, అవుట్‌లైన్‌ను ఏమీ లేకుండా పెట్టుకోండి. చుట్టూ గీసి పెన్ను ఎత్తగానే ఆకారం నిండిపోతుంది. తెల్లకాగితం గారు చెప్పిన మూసిన ఆకారం అనే ఆలోచన దీనితో చేతికి త్వరగా అలవడుతుంది.

జడకు అచ్చమైన నలుపు వాడకండి, దానికి నీడ వేయడానికి చోటు మిగలదు. 38, 30, 40 మామూలు రంగుగా, 20, 14, 24 నీడగా పెట్టుకోండి. నూనె రాసిన జుట్టు కాబట్టి ఇక్కడ కథంతా మెరుపుదే. తలమీద మెరుపు ఒక పూర్తి వలయంగా కాకుండా పాపిడి దగ్గర తెగి, వెలుగు వచ్చే ఎడమవైపు వెడల్పుగా, కుడివైపు సన్నగా ఉండాలి, దాని పై అంచూ కింది అంచూ జుట్టు పాయల దిశలో రంపపు పళ్లలా నడవాలి. జడలోని ఒక్కో పాయ మలుపును ఒక్కో చిన్న గుడ్డు అనుకోండి, మీరు నాలుగు రోజులు చేసిన అభ్యాసం ఇక్కడ అచ్చంగా పనికొస్తుంది. ప్రతి మలుపుకూ ఎడమ పైభాగాన ఒక మెరుపు, అది మరో పాయ కిందికి దూరే చోట ఒక నెలవంక నీడ, అంతకు మించి వేయకండి.

మల్లెలకు ఒక్కో రేకుకూ గీత గీస్తే దండ ముళ్లకంపలా తయారవుతుంది. దండ మొత్తాన్ని ఒకే ముద్దగా భావించి, 250, 246, 235తో నింపి, కుడివైపు కింది భాగాన్ని 190, 185, 205 నీడతో వేరుచేయండి. రేకుల ఆకారం వెలుగూ నీడా కలిసే ఆ సరిహద్దులోనూ, దండ బయటి అంచులోనూ కనిపిస్తే చాలు. చర్మానికి పనికిరాని ఊదా ఇక్కడ హాయిగా పనికొస్తుంది.

తెల్లకాగితం

ఎయిర్ బ్రష్ పూర్తిగా నిషిద్ధమని ఎవరైనా అనుకుంటారేమో కాబట్టి ఒక సవరణ. షీట్ల కాలంలో కూడా బుగ్గల ఎరుపుకూ, లోహపు మెరుపుకూ, పొగకూ పూర్తయిన షీటు మీద ఎయిర్ బ్రష్ వాడే ప్రత్యేక నిపుణులు ఉండేవారు. గట్టి అంచు నీడలన్నీ నిలబడ్డాక, బుగ్గమీద ఒక్కచోట మెత్తని ఎరుపు వేయడంలో తప్పులేదు. నీడ ఆకారం తోచక మెత్తదనం వెనుక దాక్కోవడమే తప్పు. అలాగే మల్టిప్లై కూడా పనికిరానిదేమీ కాదు. ప్రతి రంగునూ విడిగా ఎంచుకున్నాక మొత్తం దృశ్యాన్ని రాత్రిలోకో వానలోకో మార్చాలంటే అన్నిటికీ పైన దానిని పలుచగా వేయవచ్చు.

నందివర్ధనం

జడ ఈరోజు పూర్తయింది, మల్లెదండకు రెండుసార్లు చెరిపి వేయవలసి వచ్చింది కానీ చివరికి కుదిరింది. ఇంకొక్క సందేహం మిగిలింది. వోణి పలుచని బట్ట, దాని వెనుక ఎడమ చేయి కనిపించాలి. వోణి లేయర్ ఒపాసిటీ (రంగు ఎంత నిండుగా కప్పాలనే శాతం) తగ్గిస్తే చేయి కనిపిస్తోంది కానీ ఆ భాగం మాత్రం ఈ బొమ్మకు చెందనట్టు పాలిపోయి ఉంది.

బ్యానర్ గీత

షీట్ల కాలంలో ఇలాంటి పలుచదనం కోసం ఒకే ఫ్రేమును రెండుసార్లు ఎక్స్‌పోజ్ చేసేవారు, ఒకసారి ఆ షీటు ఉంచి, ఒకసారి తీసేసి. ఒపాసిటీ తగ్గించడం దాదాపు అదే పని చేస్తుంది, అయితే దాని ఫలితం కూడా మల్టిప్లై ఫలితంలాగే లెక్కకు పుట్టిన రంగు, మీరు ఎంచుకున్నది కాదు. ఒపాసిటీని పూర్తిగా వందకు తెచ్చేయండి. వోణి కింద కనిపించే చేతిని వేరే వస్తువుగా భావించి దానికి రెండు కొత్త రంగులు కలపండి, వోణి వెనుక వెలుగులో ఉన్న చర్మానికి ఒకటి, వోణి వెనుక నీడలో ఉన్న చర్మానికి ఒకటి. వోణి మెరూన్ 120, 30, 45 అయితే మొదటిదానికి 138, 58, 52, రెండవదానికి 98, 32, 38 పెట్టి చూడండి. వోణి మడత రెండు పొరలుగా పడిన చోట చేయి అసలు కనిపించకూడదు, అక్కడ వోణి రంగే నిండుగా ఉండాలి. వోణి అంచు చేతిని దాటి బయటికి వచ్చే చోట చేతి గీతను ఒక్క మిల్లీమీటరు మేర తెంచి వదిలేయండి. బట్ట చేతికి ముందుందని ఆ చిన్న ఖాళీయే చెబుతుంది.